పొలం చేసేది అత్త, పేరు మామయ్యది: పహణి నుంచి ఎఫ్‌ఐడీ దాకా నా అనుభవం

మా అత్తవాళ్ళది బెంగళూరు గ్రామీణ జిల్లా. హోస్కోట దాటి ఇంకాస్త లోపలికి వెళ్ళాలి. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో కన్నడ, సంతలో రెండూ నడుస్తాయి. రెండెకరాల పన్నెండు గుంటల భూమి, అంతంత మాత్రం నీళ్ళిచ్చే బోరు, రెండు ఆవులు. నేను పలమనేరు వైపు పిల్లని. తెలుగు మీడియంలో చదివాను. పెళ్ళయ్యాక కె.ఆర్.పురంలో కాపురం, ఒక చిన్న కంపెనీలో బిల్లింగ్ పని. కన్నడ బాగానే మాట్లాడతాను, చదవాలంటే మాత్రం కూడబలుక్కోవాలి.

మామయ్య 2024 సంక్రాంతికి ముందు పోయారు. ఆ తర్వాత అత్త ప్రభుత్వం లెక్కలో రైతు కావడానికి ఎన్ని గడపలు ఎక్కాల్సి వచ్చిందో, దేని తర్వాత ఏది చేయాలో రాస్తున్నాను. చింతామణి, బాగేపల్లి, శ్రీనివాసపుర, ఆనేకల్ వైపు తెలుగు ఇళ్ళలో ఇదే స్థితిలో ఉన్న ఆడవాళ్ళు నాకు తెలిసే బోలెడుమంది ఉన్నారు.

చివరి నాలుగైదేళ్ళు మామయ్యకి మోకాళ్ళు సహకరించలేదు. చేనంతా అత్తే చూసుకుంది. రాగుల మధ్య ఏ సాలులో అనప వేయాలి, ఎక్కడ ఆవాలు చల్లాలి, ఎంత వాన పడితే విత్తాలి, కూలికి ఎవరిని పిలవాలి, అన్నీ ఆమె లెక్కలే. ఊళ్ళో ఎవర్నడిగినా "ఆయమ్మ చేను" అనే చెబుతారు. పహణి తీసి చూస్తే వేరే కథ. పహణి అంటే మన ఆంధ్రలో అడంగల్, 1బీ రెండూ కలిపినట్టుండే కాగితం. తొమ్మిదో కాలమ్‌లో యజమాని పేరు, పన్నెండో కాలమ్‌లో సాగు చేసేవాళ్ళ పేరు, పంట ఉంటాయి. మా పహణిలో రెండు చోట్లా మామయ్య పేరే. యజమాని ఆయనే, సరే. సాగు చేసింది ఎవరో రాయాల్సిన చోట కూడా ఆమె పేరు ఒక్క ఏడాదీ ఎక్కలేదు.

ఆ ఏడు జులైలో రాగి విత్తనాలకని రైతు సంపర్క కేంద్రానికి వెళ్ళాం. కౌంటర్‌లో అబ్బాయి ఎఫ్‌ఐడీ, అంటే రైతు గుర్తింపు నంబర్ అడిగాడు. అత్త మామయ్య నంబర్ చెప్పింది.

"ఆయన్ని పంపించండమ్మా."

"ఆయన లేరు నాయనా, పోయినారు."

"అయితే మీ కొడుకుని పంపించండి."

కొడుకు పేరు మీద కూడా భూమి లేదు కదా, ఆయన వచ్చి మాత్రం ఏం చెప్తాడని నేనడిగాను. అబ్బాయి కాస్త ఇబ్బందిగా నవ్వి, ముందు భూమి ఖాతా, అంటే రికార్డులో పేరు, మార్పించుకుని రమ్మన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. కంప్యూటర్ నంబర్ అడుగుతుంది, నంబర్ భూమిని అడుగుతుంది, భూమి చనిపోయిన మనిషి పేరు చెబుతుంది. ఎదురుగా నిలబడిన మనిషి చేతులు చూసి విత్తనాలు ఇవ్వడానికి అక్కడ ఏర్పాటు లేదు.

ఈ ఎఫ్‌ఐడీ సంగతి తెలియనివాళ్ళకి చెబుతాను. కర్ణాటకలో రైతుల వివరాలన్నీ 'ఫ్రూట్స్' అనే వ్యవస్థలో ఉంటాయి. ఆధార్, పహణి సర్వే నంబర్లు, బ్యాంకు ఖాతా కలిపి అందులో పేరు నమోదు చేస్తే ఒక నంబర్ వస్తుంది. సబ్సిడీ విత్తనాలు, మిషన్లు, డ్రిప్, పట్టు పరిశ్రమ శాఖ సాయం, మద్దతు ధరకి పంట అమ్మడం, కరువు పరిహారం, అన్నిటికీ అదే తాళం చెవి. 2023లో రాష్ట్రంలోని 236 తాలూకాల్లో 223 తాలూకాలని కరువు ప్రాంతాలుగా ప్రకటించారు. మా రాగి కూడా ఎండిపోయింది. దాని పరిహారం మామయ్య పోయాక ఆయన ఖాతాలో పడింది. నామినీ రాయలేదు. ఆ డబ్బు బయటికి రావడానికే వేరే కాగితాలు, వేరే తిరుగుడు. అది చెప్పుకుంటూ పోతే ఈ కథ కదలదు.

అదే మా ఊరి పాల డెయిరీలో చూడండి. అక్కడ అత్త సభ్యురాలు. పొద్దున, సాయంత్రం ఆమే పాలు పోస్తుంది, పుస్తకంలో ఆమె పేరే, బిల్లు ఆమె ఖాతాకే. ప్రభుత్వం లీటరుకి ఇచ్చే 5 రూపాయల ప్రోత్సాహధనం కూడా ఆమె పేరు మీదే జమవుతుంది. నీకు భూమి ఉందా, మీ ఆయన ఎక్కడ అని ఎవరూ అడగలేదు. పాలు ఎవరు పోస్తే వాళ్ళే సభ్యులు. మామయ్య పోయిన వారంలో కూడా ఆ డబ్బు ఆగలేదు. ఒకే ఇల్లు, ఒకే మనిషి. పశువుల దగ్గర రైతు, చేను దగ్గర ఎవరో.

పాల లెక్క ఉండబట్టే ఒక పని భూమితో సంబంధం లేకుండా జరిగింది. కిసాన్ క్రెడిట్ కార్డు పశుపోషణకి కూడా ఇస్తారని, దానికి పహణి అక్కర్లేదని డెయిరీ సెక్రటరీ చెప్పారు. డెయిరీ నుంచి పాలు పోస్తున్నట్టు లెటర్ తీసుకుని దరఖాస్తు పెట్టాం. పూచీకత్తు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణం పరిమితి 2025 జనవరి నుంచి 1.6 లక్షల నుంచి 2 లక్షలకి పెరిగింది. మాకు అంత అవసరం లేదు, అంతా ఇవ్వలేదు కూడా. ఆవుల మేతకి, దాణాకి సరిపోయింది. ఈ దారి చాలామంది ఆడవాళ్ళకి తెలియదు. భూమి కాగితాలు తేలేదాకా ఆగక్కర్లేదు.

ఇక ఖాతా. భూమి యజమాని చనిపోతే వారసుల పేరుకి మార్చడాన్ని ఇక్కడ పౌతి ఖాతా అంటారు. మరణ ధ్రువపత్రం, నోటరీ అఫిడవిట్‌తో వంశవృక్షం, అందరి ఆధార్ కార్డులు, పహణి పెట్టుకుని నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. అది గ్రామ లెక్కాధికారి దగ్గరికి వెళ్తుంది. ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ ఆయన్ని శానుభోగులనే పిలుస్తారు. అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు అంటిస్తారు, తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఆమోదిస్తే పహణి మారుతుంది. చెప్పడానికి ఇంతే.

అసలు ముడి ఆఫీసులో లేదు, మా ఇంట్లోనే ఉంది. మామయ్యవాళ్ళ అన్న, అంటే మా పెద్దమామయ్య, కొడుకులిద్దరి పేరు మీదకి తేలిగ్గా మార్చేసుకోమన్నారు. "ఆయమ్మకెందుకు ఖాతా, ఈ వయసులో ఆఫీసులు తిరుగుతుందా?" అన్నది ఆయన వాదన. ఆడబిడ్డ చేత హక్కు వదులుకున్నట్టు రాయించి, అత్త చేత కూడా రాయిస్తే పని సులువని ఆఫీసు బయట కూర్చునే బ్రోకర్ కూడా అదే చెప్పాడు. కాగితాలన్నీ తనకిచ్చి ఇంటికి పొమ్మన్నాడు, దానికి కొన్ని వేలు. మా ఆయన కూడా మొదట్లో సరేనన్నాడు. నరసాపుర ఫ్యాక్టరీలో షిఫ్టులు, సెలవు దొరకదు, ఎలాగోలా అయిపోతే చాలని. మరిది క్యాబ్ నడుపుతాడు, అతనూ అంతే.

నేను ఒప్పుకోలేదు. ఇందులో నా స్వార్థం లేదని అనను. మా ఆయన వాటా పెరిగితే నాకే లాభం కదా, మరి నేనెందుకు అడ్డం పడుతున్నానని మా అమ్మ కూడా ఫోన్లో అడిగింది. విత్తనాల కౌంటర్ దగ్గర అత్త నిలబడ్డ తీరు చూసినదాన్ని నేను. కొడుకుల పేరుకి వెళ్తే ఆ కౌంటర్ దగ్గర ఆమె బతికినన్నాళ్ళూ అలాగే నిలబడాలి. ఒకడు ఫ్యాక్టరీలో, ఒకడు స్టీరింగ్ దగ్గర. వాళ్ళ పేరు మీద నంబర్, చేనులో ఆమె. విత్తనానికి కొడుకు వేలిముద్ర, రాగులు అమ్మడానికి కొడుకు ఓటీపీ.

చట్టం కూడా ఏమీ చిక్కుగా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగాయన భార్య, కొడుకులు, కూతుళ్ళు అందరూ మొదటి తరగతి వారసులు. పిత్రార్జితంలో కూతుళ్ళకి హక్కు కర్ణాటకలో 1994లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. అంటే ఊరికే ఉంటే పేరు వస్తుంది. వదులుకోవాలంటేనే కాగితం రాయాలి. మనవాళ్ళు మాత్రం వదులుకోవడమే పద్ధతన్నట్టు మాట్లాడతారు.

చివరికి తేల్చింది అత్తే. అందరూ కూర్చున్నప్పుడు ఆమె అన్నది ఒకటే మాట: "పాల దుడ్లు నా పేరుకే వస్తాయి కదా, రాగుల దుడ్లు ఎందుకు రాకూడదు?" పెద్దమామయ్య ఏదో అనబోయి ఊరుకున్నారు. ఆడబిడ్డ చింతామణి నుంచి వచ్చి, తన పేరు తీయొద్దని, పంట మాత్రం అమ్మదేనని స్పష్టంగా చెప్పింది. నలుగురి పేర్లతో ఉమ్మడి ఖాతాకి దసరా తర్వాత దరఖాస్తు ఇచ్చాం.

తిరుగుడు ఉంది, దాచేదేముంది. ఒకసారి సర్వర్ లేదు, ఒకసారి లెక్కాధికారి వేరే ఊరి డ్యూటీలో. నా సెలవులు కొన్ని ఇలాగే కరిగిపోయాయి. అత్తకి మాత్రం బస్సు ఖర్చు లేదు. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకి ప్రభుత్వ బస్సుల్లో ఉచిత ప్రయాణం కదా. అది లేకపోతే ఇన్నిసార్లు తాలూకా దాకా వచ్చేది కాదని ఆమే చెప్పింది. ఇంకొకటి గమనించాను. ఆఫీసులో ఆమెతో ఎవరూ మాట్లాడరు. ప్రశ్న ఆమె గురించే, చూపు మాత్రం నా వైపు, మా ఆయన ఉంటే ఆయన వైపు. లెక్కాధికారికి తెలుగు బాగా వచ్చు. "నాతో తెలుగులో మాట్లాడండి సామీ, అర్థమవుతుంది" అని అత్త అన్నాక ఆయన తీరు మారింది, కుర్చీ కూడా వేయించారు.

2025 ఉగాది దాటాక పహణిలో నాలుగు పేర్లూ వచ్చాయి. అక్కడితో ఎఫ్‌ఐడీ చిటికెలో అయిపోతుందనుకున్నాం. ఆధార్ దగ్గర చిక్కుకున్నాం. అత్త ఆధార్‌కి లింకయిన ఫోన్ నంబర్ మామయ్యది. ఆయన పోయాక రీచార్జ్ చేసేవాళ్ళు లేక ఆ సిమ్ పోయింది. ఓటీపీ ఎక్కడికి వెళ్తున్నట్టు? నంబర్ మార్పించాలంటే ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేయాలి. జీవితమంతా గడ్డి, రాగి కోసిన చేతులు, గీతలు అరిగిపోయాయి. మిషన్ ఒక్క వేలూ తీసుకోలేదు. కంటిపాపతో చేయమని అడిగితే అప్పుడు చేశారు. మనం అడగకపోతే 'రేపు రండి' అనడమే వాళ్ళకి సులువు. దానికి తోడు ఆధార్‌లో పేరు చివర 'అమ్మ' లేదు, రేషన్ కార్డులో, కొత్త పహణిలో ఉంది. అదీ సరిచేయించాం.

బ్యాంకు వైపు మాత్రం ఇబ్బంది రాలేదు. ఇక్కడి ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే గృహలక్ష్మి డబ్బు నెలకి 2,000 రూపాయలు పడటానికి 2023లోనే ఆమె ఖాతా ఆధార్‌తో కలిసి ఉంది. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. పల్లెల్లో ఎంతోమంది ఆడవాళ్ళకి నడిచే బ్యాంకు ఖాతా ఉండటానికి అదొక కారణం, మా ఇంట్లో నేను చూశాను.

జూన్‌లో ఎఫ్‌ఐడీ వచ్చింది. వివరాలు చూస్తే భూమి విస్తీర్ణం దగ్గర 23 గుంటలు అని ఉంది. ఎకరానికి 40 గుంటలు, మొత్తం 92 గుంటలు, నలుగురు వారసులు. లెక్క తప్పు లేదు. 92 గుంటలూ దున్ని, విత్తి, కోసే మనిషి కంప్యూటర్‌లో 23 గుంటల రైతు. మిగతా 69 గుంటల రైతులు ఒకరు ఫ్యాక్టరీలో, ఒకరు ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద, ఒకరు చింతామణిలో ఉన్నారు. మద్దతు ధరకి పంట మొత్తం అమ్మాలంటే ఆ ముగ్గురూ ఎఫ్‌ఐడీలు చేయించుకోవాలి. చేయించుకున్నారు కూడా, అత్త పోరు పడలేక.

ఈ దేశంలో ఇది మా ఒక్క ఇంటి కథ కాదని అందరికీ తెలుసు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం కమతాల్లో ఆడవాళ్ళ పేరుతో ఉన్నవి దాదాపు 14 శాతం. పల్లెల్లో పని చేసే ఆడవాళ్ళలో నాలుగింట మూడొంతులకి పైగా మాత్రం వ్యవసాయంలోనే ఉన్నారు. వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్.స్వామినాథన్ రాజ్యసభ సభ్యుడిగా ఉండగా మహిళా రైతుల హక్కుల కోసం ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. గ్రామసభ ఒప్పుకుంటే పంచాయతీయే 'ఈమె రైతు' అని సర్టిఫికెట్ ఇవ్వాలని అందులో ఉంది. అంటే మా డెయిరీ పద్ధతే, పని చేసేది ఎవరో ఊరు చెబుతుంది. 2013లో అది మురిగిపోయింది. 2026ని ఐక్యరాజ్యసమితి మహిళా రైతుల సంవత్సరంగా ప్రకటించింది. సంతోషమే. ఆ బిల్లు మళ్ళీ ఎవరైనా బయటికి తీస్తే ఇంకా సంతోషం.

నంబర్ వచ్చాక ఏం మారిందంటే, ఆ జులైలో అదే కౌంటర్‌లో అత్త తన నంబర్ చెప్పి రాగి విత్తనాలు తెచ్చుకుంది. జీపీయూ-28 అనే రకం అడిగి తీసుకుంది. అంతకుముందు డెయిరీ ఆడవాళ్ళంతా కలిసి బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకేలో జరిగే కృషి మేళాకి వెళ్ళి వచ్చారు, అగ్గితెగులు తట్టుకునే రకం అని అక్కడ తెలుసుకుంది. వ్యవసాయ శాఖ ట్రైనింగులు కూడా ఉంటాయి కానీ వాటి సమాచారం వాట్సాప్ గ్రూపులో వస్తుంది, ఆ గ్రూపులో ఉన్నది మగవాళ్ళ ఫోన్లు. పొద్దున పదిన్నరకి మీటింగ్ అంటే అప్పటికి ఆడవాళ్ళకి పాలు, వంట, పేడ పని తెమలదు. అత్తకి ఇప్పుడు సొంత ఫోన్ నంబర్ ఉంది గనక గ్రూపులో చేర్పించాను. చదివి చెప్పడానికి పక్కింటి పిల్ల ఉంది.

కలుపు తీసే చిన్న మిషన్‌కి కూడా దరఖాస్తు పెట్టాం. ఆడవాళ్ళకి, చిన్న సన్నకారు రైతులకి 50 శాతం సబ్సిడీ ఉంటుంది. డీలర్ షాపులో మిషన్ పట్టుకుని మరిదికి అరగంట డెమో ఇచ్చాడు. అత్త మధ్యలో ఆపి, "దాన్ని ఎత్తేది నేను, నా చేతికియ్యి" అంది. బరువు చూసి, ఇంకా తేలికైనది చూపించమంది. వరుసలో పేరుంది, ఇంకా రాలేదు.

రాగుల సంగతి ముఖ్యం. 2024 పంటకి మద్దతు ధర క్వింటాలుకి 4,290 రూపాయలు. అప్పటికి మాకు నంబర్ లేదు, వ్యాపారికి చాలా తక్కువకే పోశాం. 2025-26కి మద్దతు ధర 4,886. అయితే ఎఫ్‌ఐడీ ఉంటే సరిపోదు, పంట సర్వేలో మీ సర్వే నంబర్‌లో రాగి అని నమోదై ఉండాలి. సర్వే చేసేవాళ్ళు ఊళ్ళో ఎవర్నో అడిగి వేరే పంట రాసేసిన సందర్భాలు మా చుట్టుపక్కల ఉన్నాయి. పంట చేనులో ఉండగానే ఫోన్లో యాప్ తీసి చూసుకోవాలి, తప్పుంటే అప్పుడే అభ్యంతరం చెప్పాలి. కోత అయ్యాక ఎవరికి చూపిస్తాం? మాది సరిగ్గానే ఎక్కింది. అత్త వాటా రాగుల డబ్బు ఆమె ఖాతాలోనే పడింది. మిగతా ముగ్గురి ఖాతాల్లో పడ్డది తెచ్చి ఇవ్వడానికి ఒకరికి నాలుగు రోజులు ఎక్కువే పట్టింది. ఎవరికో చెప్పను, ఇంట్లో ఉండాలి కదా.

రానిది పీఎం కిసాన్. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి పేరుకి వచ్చినవాళ్ళకి ఇవ్వరు, యజమాని చనిపోయి వారసత్వంగా వచ్చినవాళ్ళకి మాత్రం మినహాయింపు ఉంది. ఈ సంగతి తెలియక 'మీకు రాదు' అని వెనక్కి పంపేవాళ్ళు ఉన్నారు, మనమే చెప్పాలి. ఈ-కేవైసీ వేలిముద్రతో కాలేదు, యాప్‌లో ముఖం చూపించే పద్ధతిలో అయింది. దరఖాస్తు పరిశీలనలో ఉందని చూపిస్తోంది. సొసైటీలో పంట రుణం కూడా కదల్లేదు. ఉమ్మడి పహణి గనక నలుగురూ వచ్చి సంతకాలు పెట్టాలంటున్నారు, నలుగురికీ ఒకే రోజు సెలవు దొరకడం రుణం దొరకడం కంటే కష్టం.

అందుకే ఇప్పుడు భాగాలు పంచుకుని రిజిస్టర్ చేయాలనుకుంటున్నాం. బోరు ఉన్న వైపు ఎకరం అత్త పేరుకి, మిగిలింది పిల్లలకి. సర్వే నంబర్‌ని ముక్కలు చేయాలంటే ముందు సర్వే శాఖ నుంచి 11ఈ స్కెచ్, అంటే విడదీసే ముక్కల కొలతల పటం, కావాలి, దానికి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాం. సర్వేయర్ వచ్చేలోపు గట్టు మీద ముళ్ళకంప కొట్టేసి హద్దు రాళ్ళు కనబడేలా ఉంచమన్నారు. ఆ పని అత్త కొడుకులిద్దరికీ అప్పగించింది, వచ్చే ఆదివారం.